లండన్‌లో ఏడాదికి 26,500 పౌండ్ల ఆఫర్ – జాయిన్ అవ్వనా, హైదరాబాద్ వచ్చేయనా?

గూడెం_కుర్రాడు · 29 నవంబర్ 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మాది తాడేపల్లిగూడెం. బీటెక్ తర్వాత హైదరాబాద్‌లో రెండేళ్లు పనిచేసి, 2024 సెప్టెంబర్‌లో లండన్ వచ్చాను. సప్లై చైన్‌లో ఎమ్మెస్సీ. ఆగస్టు చివర్లో డిసర్టేషన్ ఇచ్చేశాను, అక్టోబర్ ఆఖరుకి రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక ఇక్కడే పనిచేసుకోనిచ్చేది) వచ్చింది. ఇప్పటిదాకా 220 అప్లికేషన్లు పెడితే ఆరు ఇంటర్వ్యూలు, ఒక ఆఫర్.

ఆ ఆఫర్ ఇదీ: ఆల్డ్‌గేట్ దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీ, జూనియర్ ఆపరేషన్స్ అనలిస్ట్, ఏడాదికి 26,500 పౌండ్లు, వారానికి 40 గంటలు. జనవరి 5న జాయినింగ్. వచ్చే శుక్రవారంలోగా చెప్పమన్నారు.

రెండో దారి: హైదరాబాద్‌లో నా పాత మేనేజర్ పిలుస్తున్నాడు. గచ్చిబౌలిలో ఆఫీసు, ఏడాదికి 6.8 లక్షలు.

చదువు లోన్ 28 లక్షలు, 12 శాతం వడ్డీ, పదేళ్లు. ఇల్లూ, కింద నాన్న కిరాణా కొట్టూ తాకట్టులో ఉన్నాయి. మార్చి నుంచి నెలకు 40,172 కట్టాలి. అందులో మొదటి నెల 28,000 వడ్డీకే పోతుందని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"అబ్బాయికి లండన్‌లో ఉద్యోగం వచ్చింది" అని అమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. నాన్న మాత్రం "నీ ఇష్టం రా" అంటున్నాడు. నాకు దాంతోనే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని · 30 నవంబర్, ఉదయం 7:05

ఇప్పుడే డ్యూటీ దిగి బస్సులో చదివాను బ్రో. 26,500ని 40 గంటలతో, 52 వారాలతో భాగించు. గంటకు 12.74. మొన్న బడ్జెట్లో వచ్చే ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.71 చేశారు. అంటే నీ ఎమ్మెస్సీకి వాళ్లు కట్టిన ఖరీదు గంటకు మూడు పెన్నీలు!

నాది గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. గంటకు 14.60, వారానికి 48 గంటలు. నెలకు 2,400 దాకా చేతికొస్తుంది. టై కట్టుకోవాలనుంటే కట్టుకో, ఈఎంఐ మాత్రం టై చూసి తగ్గదు.

గూడెం_కుర్రాడు · 30 నవంబర్, ఉదయం 9:20

అన్నా, ఆ మూడు పెన్నీల లెక్క నాకు తట్టనే లేదు. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. నేనూ ప్రస్తుతం గోడౌన్‌లోనే చేస్తున్నాను, వారానికి నాలుగు షిఫ్టులు.

ఈస్ట్‌హామ్_అక్క · 30 నవంబర్, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నేను ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, చేసేది పేరోల్ పని. ముందు నీ చేతికి ఎంతొస్తుందో చూద్దాం.

మొదటి 12,570కి పన్ను లేదు. మిగిలిన 13,930 మీద ఇన్‌కమ్ టాక్స్ 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే ప్రభుత్వ బీమా) 8 శాతం. అన్నీ పోగా నెలకు 1,883. నీకు 22 దాటాయి కాబట్టి పెన్షన్‌లో కంపెనీవాళ్లే చేర్చేస్తారు, ఇంకో 68 తగ్గుతుంది. 1,815 అనుకో.

ఇంటికి పంపాల్సింది, పౌండు 117 లెక్కన, 345. మేనర్ పార్క్ వైపు సింగిల్ రూమ్ 650. సరుకులు 180. మూడు జోన్ల ట్రావెల్‌కార్డు 200. ఫోన్ 10. ఇక కౌన్సిల్ టాక్స్, అంటే ఇంట్లో ఉండేవాళ్లు కట్టే ఇంటి పన్ను. దీని సంగతి నీకు ఎవరైనా చెప్పారా? ఇప్పుడు ఎవరితో ఉంటున్నావు?

గూడెం_కుర్రాడు · 30 నవంబర్, మధ్యాహ్నం 1:50

మేనర్ పార్క్‌లోనే అక్కా. నలుగురం కలిసి ఇల్లు తీసుకున్నాం, అగ్రిమెంట్ నలుగురి పేరు మీదా ఉంది. రూముకి ఇద్దరం, నా వాటా 450. మిగతా ముగ్గురూ జనవరి బ్యాచ్, ఇంకా చదువుతున్నారు. కౌన్సిల్ టాక్స్ మాకు లేదు, స్టూడెంట్స్ కదా.

ఈస్ట్‌హామ్_అక్క · 30 నవంబర్, మధ్యాహ్నం 2:30

అదే నా భయం. వాళ్లు స్టూడెంట్స్, నువ్వు కాదు. నీ కోర్సు అయిపోయిన రోజుతోనే ఆ మినహాయింపు పోయింది. ఇంట్లో ఒక్కడే నాన్-స్టూడెంట్ ఉంటే బిల్లు 25 శాతం తగ్గుతుంది, కానీ ఆ బిల్లు కట్టాల్సింది ఆ ఒక్కడే. ముగ్గురు స్టూడెంట్లకూ చట్టప్రకారం సంబంధం లేదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈ బాకీ పెరుగుతూనే ఉంటుంది. రేపు సోమవారం పొద్దున్నే కౌన్సిల్‌కి ఫోన్ చెయ్యి. ఇన్‌స్టాల్‌మెంట్లు అడిగితే ఇస్తారు. దాచిపెడితే మాత్రం సమన్ల ఖర్చు కూడా నెత్తిన పడుతుంది.

నెలకు 100 వేసుకో. అన్నీ పోగా 330 మిగులుతుంది. అందులో చెప్పులు, చలికోటు, పుట్టినరోజులు, పంటి నొప్పి తీసెయ్. నిజంగా మిగిలేది 200. బతకొచ్చు. నేను వచ్చిన కొత్తలో ఇంతకంటే తక్కువతోనే బతికాను, ఒక్క నెల కూడా అప్పు చేయలేదు. కానీ అసలు ప్రశ్న బతకడం కాదు. సాయంత్రం రాస్తాను, పిల్లని డ్యాన్స్ క్లాసుకి దింపాలి.

లీడ్స్_బాబాయ్ · 30 నవంబర్, సాయంత్రం 4:10

ఈ లండన్ మోజు ఏమిటో నాకు అర్థం కాదు. లీడ్స్‌లో మా ఇంటి దగ్గర మంచి సింగిల్ రూమ్ 450, కరెంటు, గ్యాస్ అన్నీ కలిపి. ఆఫీసుకి నడిచి వెళ్తాను. గోడౌన్లు, లాజిస్టిక్స్ ఇటువైపు కూడా బాగానే ఉన్నాయి, సప్లై చైన్ వాడికి ఉత్తరాదే మేలు. వదిలెయ్ బాబూ, ఇటు ప్రయత్నించు.

నైట్‌షిఫ్ట్_నాని · 30 నవంబర్, సాయంత్రం 4:25

బాబాయ్, శుక్రవారంలోగా చెప్పాలి అన్నాడు. లీడ్స్‌లో ఆఫర్ మీరిస్తారా?

ఈస్ట్‌హామ్_అక్క · 30 నవంబర్, రాత్రి 8:45

వచ్చేశాను. అసలు ప్రశ్న రాస్తానన్నాను కదా.

నీ వీసా 2027 అక్టోబర్‌కి అయిపోతుంది. దీన్ని పొడిగించరు. తర్వాత ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాలి. దానికి మామూలు జీతం హద్దు ఈ జూలై 22 నుంచి 41,700. గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్లని "న్యూ ఎంట్రంట్" అంటారు, వాళ్లకి 33,400. లేదా ఆ పనికి గవర్నమెంట్ పెట్టిన రేటులో 70 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ రాయితీ కూడా గ్రాడ్యుయేట్ వీసా కాలం కలుపుకుని నాలుగేళ్లే.

26,500 నుంచి 33,400కి వెళ్లాలంటే 26 శాతం పెరగాలి. మా ఆఫీసులో పేరోల్ నడిపేది నేనే, ఏటా మూడు నాలుగు శాతం దాటి పెంచడం అరుదు. కాబట్టి ఈ జీతం అద్దెకి సరిపోతుందా అని కాదు, 2027 వేసవికల్లా 33,400 దాటుతుందా అని చూడాలి. అదే కంపెనీలో కావచ్చు, ఇంకోచోట కావచ్చు.

జీతం కాకుండా ఇంకో మెలిక ఉంది. జూలై నుంచి కొత్తగా స్పాన్సర్ చేసే పని డిగ్రీ స్థాయిది అయ్యుండాలి. కొన్ని పనులకే మినహాయింపు. "జూనియర్ ఆపరేషన్స్ అనలిస్ట్"ని వాళ్లు ఏ ఆక్యుపేషన్ కోడ్ (ఒక్కో రకం పనికి గవర్నమెంట్ ఇచ్చే నంబర్) కింద చూపిస్తారో అడుగు. పేరు ఎంత గొప్పగా ఉన్నా వీసా వాళ్లు చూసేది కోడ్‌నే.

ఖర్చు కూడా చూసుకో. ఇక్కడి నుంచే మూడేళ్లకి మారితే ఫీజు 885, హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టేది) ఏడాదికి 1,035 చొప్పున 3,105. మొత్తం 3,990. కొన్ని కంపెనీలు భరిస్తాయి, చాలావాటిలో మనమే కట్టుకోవాలి. నెలకు 200 మిగిలితే దీనికే ఇరవై నెలలు పడుతుంది. జనవరిలో చేరితే నీకుండేది ఇరవై ఒక్క నెలలు. మధ్యలో ఇంటికి టికెట్ కొనాల్సొస్తే లెక్క తప్పుతుంది.

మానేరు_వాగు · 30 నవంబర్, రాత్రి 10:30

తమ్మీ, నేను ఆ రెండేళ్లు పూర్తిగా వాడుకుని తిరిగొచ్చినదాన్ని. కరీంనగర్ మాది. 2021లో మాంచెస్టర్ పోయిన. చదువు అయినంక గ్రాడ్యుయేట్ వీసా మీద ఒక కాల్ సెంటర్ల చేసిన. పైసలు మంచిగనే వచ్చినయి. స్పాన్సర్ మాత్రం దొరకలే. 2024 డిసెంబర్‌ల హైదరాబాద్ వచ్చిన.

ఇక్కడ ఇంటర్వ్యూలల్ల ఒకటే ప్రశ్న: ఆ రెండేళ్లు ఏం చేసినవ్? డేటాల మాస్టర్స్ చేసి కాల్ సెంటర్ల ఎందుకున్నవ్? ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న. ఇప్పుడు 7 లక్షలకు చేస్తున్న, 2023ల వచ్చి ఉంటే అదే ఉద్యోగానికి తొమ్మిది ఇచ్చేటోళ్లు. నేను లండన్ వద్దు అంటలేను. నాని అన్న చెప్పే గోడౌన్ మాత్రం వద్దు అంటున్న. పైసలకు అది మంచిదే, రెస్యూమెకు కాదు.

అట్లనే ఇటు లెక్క కూడ చూస్కో. 6.8 లక్షలంటే పీఎఫ్ పోను చేతికి 50 వేలు. ఈఎంఐ పోతే పదివేలు మిగులతయి. గచ్చిబౌలిల హాస్టలే తొమ్మిది వేలు. మిగిలిన వెయ్యి రూపాయలతో నెలంతా ఎట్ల గడుస్తది? లోన్ లేకుంటే హైదరాబాదే అందును. లోన్ ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని · 1 డిసెంబర్, ఉదయం 6:50

అక్కా, మీ మాట గుచ్చుకుంది కానీ నిజమే. నాకిది పద్నాలుగో నెల. మా షెల్ఫుల నంబర్లు నిద్రలో కూడా చెప్పగలను. మొన్న ఇంటర్వ్యూలో ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేయమంటే చెయ్యి ఆడలేదు.

లీడ్స్_బాబాయ్ · 1 డిసెంబర్, ఉదయం 8:00

నా మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ 33,400 హద్దు లండన్‌లో అయినా లీడ్స్‌లో అయినా ఒకటే. లీడ్స్‌లో రూమ్ చవకే, కానీ ఇక్కడ జూనియర్లకి 33,400 ఇచ్చేవాళ్లు తక్కువ. మా వాడొకడు సరిగ్గా దీనివల్లే లండన్ మారాడు.

గుంటూరు_గుమ్మం · 1 డిసెంబర్, ఉదయం 10:15

నాకు తెలిసిన కన్సల్టెన్సీ ఉంది, 12 లక్షలకి సీఓఎస్ ఇప్పిస్తారు. మెసేజ్ చెయ్యండి.

అడ్మిన్ · 1 డిసెంబర్, ఉదయం 10:40

పై సభ్యుణ్ణి తీసేశాం. సీఓఎస్, అంటే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాల్సింది కంపెనీ. ఆ ఖర్చు ఉద్యోగి నుంచి వసూలు చేయడానికి వీల్లేదు. ఇలా అమ్ముతామనేవాళ్లని నమ్మి ఊళ్లో పొలం అమ్మినవాళ్ల కథలు ఈ వేదికలోనే మూడున్నాయి. దయచేసి ఎవరూ ఆ మెసేజ్‌కి జవాబివ్వకండి.

ఇద్దరు_పిల్లల_తండ్రి · 1 డిసెంబర్, సాయంత్రం 6:20

బాబూ, నేను నరసరావుపేటలో ఉంటాను. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో చదువుతోంది, ఆమె లోన్ కాగితాల మీద సంతకం నాది. మీ నాన్నగారు "నీ ఇష్టం" అన్నారని రాశావు. నేనూ మా అమ్మాయితో అదే అంటాను. లెక్క తెలియక కాదు. నా లెక్క చెబితే అది భయపడి దానికే కట్టుబడిపోతుందని.

నువ్వు ఆయనకి జీతం ఎంతో చెప్పావా? "ఇరవై ఆరున్నర వేల పౌండ్లు" అని మాత్రమే చెప్పి ఉంటావు. ఆయన దాన్ని 117తో గుణించి 31 లక్షలు అనుకుని ఉంటారు. మేమందరం అలాగే గుణిస్తాం. అద్దె ఎంతో, చేతిలో మిగిలేది ఎంతో ఒక కాగితం మీద రాసి ఫోటో పంపు. కొట్టు నడిపే మనిషికి లాభం, పెట్టుబడి తేడా నువ్వు చెప్పక్కర్లేదు.

గూడెం_కుర్రాడు · 1 డిసెంబర్, రాత్రి 9:30

అవునండీ, అచ్చం అలాగే చెప్పాను. 31 లక్షలని నాన్న కూడా అన్నాడు, నేను కాదనలేదు.

ఈరోజు చేసినవి: కౌన్సిల్‌కి ఫోన్ చేశాను, సెప్టెంబర్ నుంచి బిల్లు పంపుతారట. ఆఫర్ లెటర్ అడుగున కంపెనీ రిజిస్టర్డ్ పేరు వేరే ఉంది. గవర్నమెంట్ స్పాన్సర్ల జాబితాలో బోర్డు మీది పేరు వెతికితే లేదు, ఈ అసలు పేరు వెతికితే ఉంది! కానీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన స్పాన్సర్ చేస్తారని కాదు కదా అక్కా?

ఈస్ట్‌హామ్_అక్క · 1 డిసెంబర్, రాత్రి 10:05

కాదు. లైసెన్స్ ఉంటే తలుపుందని అర్థం, తీస్తారని కాదు. రేపు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్ వద్దు, మెయిల్. మూడే అడుగు. ఆ 40 గంటల్లో భోజనం టైమ్ కలిసి ఉందా? ఆరు నెలలకి జీతం రివ్యూ చేస్తామని కాంట్రాక్టులో రాస్తారా? గ్రాడ్యుయేట్ వీసా మీద చేరినవాళ్లని ఇంతకుముందు ఎప్పుడైనా స్పాన్సర్ చేశారా? మర్యాదగా, బతిమాలకుండా. 28,500 అడిగి చూడు. లండన్ లివింగ్ వేజ్ అని స్వచ్ఛందంగా ఇచ్చే రేటొకటి ఉంది, ఈ అక్టోబర్‌లో దాన్ని గంటకు 14.80 చేశారు. నీది దానికి చాలా కింద ఉంది. అడిగినందుకు ఆఫర్ పోదు.

మానేరు_వాగు · 1 డిసెంబర్, రాత్రి 10:20

హెచ్‌ఆర్ మాటనే కాదు, అక్కడ పనిచేసేటోళ్లను కూడ అడుగు తమ్మీ. లింక్డిన్‌ల ఆ కంపెనీ పేరు కొట్టి మన దిక్కు పేర్లు చూడు. నేను ఈ పని చెయ్యక రెండేళ్లు పోగొట్టుకున్న.

గూడెం_కుర్రాడు · 4 డిసెంబర్, రాత్రి 8:10

ఆలస్యానికి క్షమించండి. జవాబులొచ్చాయి.

జీతం పెంచలేదు. "ఈ గ్రేడ్‌కి ఇదే" అన్నారు. 40 గంటల్లో రోజుకి అరగంట భోజనం కలిసి ఉందట, కాంట్రాక్టులో 37.5 అని మార్చి పంపారు. ఆరు నెలల రివ్యూ రాతపూర్వకంగా ఇచ్చారు, ఎంత పెంచుతారో మాత్రం లేదు. స్పాన్సర్‌షిప్ గురించి "కేస్ బై కేస్" అన్నారు. కోడ్ గురించి అడిగితే హెచ్‌ఆర్ ఆవిడకి తెలియదు.

లింక్డిన్‌లో ఒక మలయాళీ అన్న దొరికాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తనూ జూనియర్‌గానే చేరి, పద్నాలుగు నెలలకి ప్లానింగ్ టీమ్‌లోకి మారాడు, స్పాన్సర్ చేశారు. తనతో చేరిన ఇంకో ఇద్దరు వెళ్లిపోయారు. "ఆపరేషన్స్‌లో కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు, మొదటి నెల నుంచే ప్లానింగ్ వాళ్ల పని అడిగి చెయ్యి" అన్నాడు.

నాన్నకి కాగితం పంపాను. అద్దె, ఈఎంఐ, పన్నులు, మిగిలే 200. గంట సేపు జవాబు లేదు. నాకు చెమటలు పట్టాయి. తర్వాత ఫోన్ చేసి మొదటి మాట: "ఇంటి పన్ను అద్దెకున్నవాడు కట్టడమేమిట్రా? ఇల్లుగలాయన ఏం చేస్తాడు?" పది నిమిషాలు దాని మీదే. చివర్లో, కొట్టు మీద వచ్చేదాంట్లో మొదటి ఆరు నెలలు పదివేలు తను వేస్తానన్నాడు. వద్దన్నాను. వేస్తాడని తెలుసు.

చేరుతున్నాను. వచ్చే డిసెంబర్ వరకు గడువు పెట్టుకున్నాను. అప్పటికి ప్లానింగ్‌లోకి మారకపోయినా, 30 వేలు దాటకపోయినా, బయట వెతుకుతాను. 2027 మార్చికి కూడా ఏదీ కుదరకపోతే వీసా చివరి రోజు దాకా ఆగకుండా వచ్చేస్తాను. పాత మేనేజర్‌కి ఇదే చెప్పాను, "సరే, టచ్‌లో ఉండు" అన్నాడు.

నైట్‌షిఫ్ట్_నాని · 5 డిసెంబర్, ఉదయం 6:55

37.5 గంటలంటే గంటకు 13.59. మూడు పెన్నీల నుంచి 88 పెన్నీలకి ఎదిగావు బ్రో, ఒక్క మెయిల్‌తో! పార్టీ ఎప్పుడు?

ట్రావెల్‌కార్డు కొనకు. మేనర్ పార్క్ నుంచి 25 నంబర్ బస్సు నేరుగా ఆల్డ్‌గేట్ మీదుగా వెళ్తుంది, టికెట్ 1.75. గంట పైన పడుతుంది, స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర ఇంకా ఆగుతుంది. కానీ నెలకు 75లో అయిపోతుంది. పై డెక్ ముందు సీటు దొరికితే ఎక్సెల్ వీడియోలు చూసుకోవచ్చు. నేనూ మొదలుపెట్టాను, నిన్న పివట్ టేబుల్ వచ్చింది.

ఈస్ట్‌హామ్_అక్క · 5 డిసెంబర్, ఉదయం 9:10

మంచిది. చేరిన రోజు స్టార్టర్ చెక్‌లిస్ట్ అని ఒక ఫారం ఇస్తారు. అందులో స్టూడెంట్ లోన్ ఉందా అని అడుగుతుంది. ఉంది కదా అని టిక్ పెట్టేవు! అది ఇక్కడి గవర్నమెంట్ లోన్ గురించి, మన బ్యాంకు లోన్‌కి సంబంధం లేదు. మావాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు టిక్ పెట్టి, డబ్బు కోయించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు.

మా వెనక వీధిలో జనవరి 3 నుంచి ఒక సింగిల్ రూమ్ ఖాళీ అవుతోంది. 640, కౌన్సిల్ టాక్స్ సహా అన్నీ కలిపి. ఓనరమ్మ నెల్లూరావిడ. చేపల పులుసు వాసనకి ఏమీ అనదు. డిపాజిట్ ఐదు వారాల అద్దె కంటే ఎక్కువ తీసుకోకూడదు, ఆవిడ నాలుగే అడుగుతోంది. ఆదివారం రా, చూద్దువుగాని.

గూడెం_కుర్రాడు · 5 డిసెంబర్, ఉదయం 9:25

వస్తాను అక్కా. పదకొండుకి పర్లేదా?